మా అప్పను ఒక్కదాన్నే పంపారు

ఆ పెద్దాయన మనుషుల మీద చెయ్యి చేసుకుంటాడని ఇంట్లోవాళ్ళకు తెలుసు. ఆయాలను పంపే ఆఫీసుకు తెలుసు. అంతకుముందు ఆ ఇంట్లో చేరి, నెల తిరక్కుండా మానేసిన ముగ్గురికీ తెలుసు. తెలియనిది మా అప్ప ఒక్కదానికే. తెలియనిదాన్నే ఏరి, ఒక్కదాన్నే పంపారు. ఏడు నెలల తరవాత ఆ ఇంటి మెట్ల మీద నుంచి పడి, పెద్దాసుపత్రిలో రెండు రోజులుండి, మూడో రోజు పొద్దున్న మా అప్ప చనిపోయింది.

ఆ కబురు నాకు చెప్పింది నర్సు కాదు. ఆఫీసు మేనేజరు ఫోన్ చేసి చెప్పాడు. నేనప్పుడు ఆసుపత్రి గేటు బయట టీ పోయించుకుంటున్నాను. వార్డుకు వంద అడుగుల దూరంలో ఉన్న నాకంటే ముందు, ఊరికి అటు చివర కుర్చీలో కూర్చున్న మనిషికి ఎలా తెలిసింది? ఇప్పటికీ నాకు తెలియదు. "పోయిందమ్మా మీ అప్ప. పాపం, బీపీ. డ్యూటీలో ఏటీ అవనేదు గదా" అన్నాడు. డ్యూటీలో ఏమైందని నేనింకా అడగనే లేదు. అడగని ప్రశ్నకు జవాబు ముందే తయారుగా ఉంటే ఎవరికైనా అనుమానం వస్తుంది. నాకు ఆ టీ గ్లాసు చేతిలో ఉండగానే వచ్చింది.

పేర్లు రాయొద్దని సంపాదకులు చెప్పారు. రాయను. ఆఫీసు పేరు రాయను, వీధి పేరు రాయను. చదివేవాళ్ళలో కొందరికి ఎలాగూ తెలుస్తుంది. వాళ్ళు ఈ పేజీ త్వరగా తిప్పేస్తారని కూడా నాకు తెలుసు. తిప్పకండి.

అప్ప అంటే నాతో పుట్టిన అక్క కాదు. మా తీరపు ఊళ్ళలో పెద్దదాన్ని అలాగే పిలుస్తాం. మా అమ్మతో పాటు చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగిన మనిషి. దానికి ముందు, పెళ్ళి కాకముందు, హుమ్మ దగ్గర ఉప్పు మళ్ళలో తట్ట మోసింది. మొగుడు పోయాక బరంపురం వచ్చి మంచం పట్టిన ముసలివాళ్ళను చూసే పనిలో చేరింది. నేను ఎనిమిదిలో బడి మానేసి ఇంట్లో కూర్చుంటే మా అమ్మ నన్ను తీసుకొచ్చి అప్ప చేతిలో పెట్టింది. హల్దియాపదర్‌లో అప్ప అద్దెకున్న ఒక్క గదిలోనే నేనూ ఉన్నాను, అయిదేళ్ళు. ఆ గదికి ఇప్పుడు నేనొక్కదాన్నే.

మొదటి రోజు నన్ను ఒక ఇంటికి తీసుకెళ్ళింది. పక్షవాతం వచ్చిన ముసలావిడ. మంచం మీద నుంచి లేపి కుర్చీలో కూర్చోబెట్టాలి. నేను వంగి ఒక్క ఉదుటున ఎత్తబోయాను. నా వీపు మీద ఛెళ్ళుమని ఒకటి పడింది.

"ఏటే గుంటా, సేపల గంపనుకుంటన్నావేటి?"

"బరువు లేదప్పా, ఎత్తగలను."

"ఎత్తగలవు. ఇయ్యాల ఎత్తగలవు, రేపూ ఎత్తగలవు. పదేళ్ళు పోనాక నువ్వు మంచం మీద పడితే ఎవలెత్తుతారే? నీ నడుం ఇరిగితే ఈలు నీకు మంచం ఎయ్యరు, తెలుసా?"

మంచం మీద ముసలావిడ నోరు వంకర పెట్టుకునే నవ్వింది. ఆవిడ ఎదుటే అప్ప ఆ మాట అంది. చాటుగా ఏమీ అనేది కాదు.

తరవాత ఉప్పు తట్ట సంగతి చెప్పింది. ఉప్పు నింపిన తట్టను ఏ ఆడదీ తన నెత్తికి తానే ఎత్తుకోలేదట. ఎదురుగా ఇంకొకతి నిలబడి చెరో అంచూ పట్టి ఎత్తాలి. ఆ రెండోది లేకపోతే ఎంత గట్టిదైనా తట్ట పక్కన కూర్చుని ఎదురు చూడాల్సిందే. మేస్త్రి అరిచినా సరే. "తట్ట దగ్గిర ఒకర్తివే ఉంటే అది నీ తప్పు కాదే. రెండోదాన్ని పంపనోడి తప్పు" అనేది. మనుషుల్ని లేపే పనికి కూడా అదే లెక్క అని అప్ప నమ్మకం. ఈ పనిలో ఇరవై ఏళ్ళున్నా ఆ లెక్కను ఒప్పుకున్న ఇల్లు ఒక్కటీ చూడలేదు. అయినా ప్రతి ఇంట్లో అడిగేది. కోడలినో కొడుకునో పిలిచి "బాబూ, ఒక సెయ్యి" అనేది. చాలామంది వచ్చేవాళ్ళు, ముఖం చిట్లించుకుని. రానివాళ్ళ ఇంట్లో నిలబడి ఎదురు చూసేది. అంతే.

కొత్త ఇంటికి వెళ్ళే ముందు జడ ముడి వేసి గట్టిగా బిగించేది. చెవులకు ఏమీ ఉంచుకునేది కాదు. ఎందుకని అడిగితే చెవి తమ్మె చూపించింది. కింద చీలి, రెండుగా అతుక్కున్న చెవి. "ఎనకటి ఇంట్లో ముసిలమ్మ బంగారంలాటి మనిసి. ఒకనాడు ఎవలో దొంగననుకున్నాది, లాగీసినాది. ఏటీ అనుకోనేదు నాను. మంచం మీద మనిసి సెడ్డది కాదే, జబ్బు సెడ్డది. కానీ దెబ్బ దెబ్బే. జబ్బు కొట్టినాదని నొప్పి తగ్గదు." ఈ మాట ఈ ఊళ్ళో పెద్ద డాక్టర్లు కూడా ఎవరూ మాకు చెప్పలేదు. ఒక్కరు చెప్పి ఉంటే, దెబ్బ తిన్న ప్రతిసారీ మాదేదో తప్పనుకుని నోరు మూసుకునేవాళ్ళం కాదు.

గేటు మాట అని మా పనిలో ఒక అలవాటుంది. పాత ఆయా మానేసి వెళ్ళేటప్పుడు కొత్తగా వచ్చేదానికి గేటు దగ్గర నిలబడి అన్నీ చెప్పాలి. ఏది తింటారు, ఏ మందు ఉమ్మేస్తారు, ఎప్పుడు కోపం వస్తుంది, ఇంట్లో మగవాళ్ళలో ఎవరి దగ్గర జాగ్రత్తగా ఉండాలి. కాగితం మీద రాయని సంగతులన్నీ ఆ అయిదు నిమిషాల్లోనే చెప్పుకోవాలి. అందుకే ఆ అయిదు నిమిషాలంటే చాలామందికి గిట్టదు. పాత మనిషిని సోమవారం పంపేసి కొత్త మనిషిని బుధవారం రమ్మంటారు, ఇద్దరూ కలవకుండా. మీలో ఎంతమంది అలా చేశారో నాకు తెలియదు. ఆఫీసే అలా చేయమంటుందని మాత్రం తెలుసు.

ఆ పెద్దాయన ఇంటి దగ్గర అప్పకు గేటు మాట దొరకలేదు. "పాత ఆయా ఊరెళ్ళిపోయింది" అన్నారు. ఏ ఊరంటే చికిటి అన్నారు. ఫోన్ నంబరు లేదన్నారు. ఆఫీసు ఇచ్చిన కాగితంలో ఆయన గురించి రెండు మాటలున్నాయి: మతిమరుపు, శాంత స్వభావం. నేనే చదివి వినిపించాను. "శాంతమట" అని అప్ప ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఎవలూ అడగకుండానే శాంతమని ఎందుకు రాసినారే?" అంది. నేను నవ్వేశాను. అప్పుడు అనుమానపడింది అప్ప. నేను కాదు.

ఆయన రిటైరైన హెడ్మాస్టరు. మనిషి పొడగరి, చేతులు పెద్దవి. ఈ ఊళ్ళో పుట్టి పెరిగి, ఒడియా, ఇంగ్లీషు గడగడా మాట్లాడినవాడట. జబ్బు ముదిరే కొద్దీ ఒక్కో భాషా జారిపోయి చివరికి తెలుగు మిగిలింది. ఇది ఆయన ఒక్కరి సంగతి కాదు. ఈ పత్రిక చదివే ఇళ్ళల్లో చాలా చోట్ల ఇదే జరుగుతోంది, మీకే బాగా తెలుసు. ఒడియా ఆయా "మాఉసా, టికే ఉఠంతు" అని ఎంత మర్యాదగా లేవమన్నా ఆయనకది ఎవరో పరాయివాళ్ళు గదిలో దూరినట్టే. అందుకని ఆఫీసుకు ఫోన్ చేసి "తెలుగు మనిషే కావాలి" అంటారు. తెలుగు వచ్చిన ఆయాలం ఊరంతా కలిపి ఏడెనిమిదిమందిమి. మా భాషే మాకు ఉచ్చు అయింది. సెలవు అడిగితే "నీ బదులు తెలుగుది ఎక్కడ దొరుకుతుంది?" అంటారు. రెండో మనిషిని అడిగినా అదే జవాబు. జ్వరం వచ్చినా అదే. ఏడు నెలల్లో అప్పకు నాలుగు సెలవులు. అందులో ఒకటి మా అమ్మ ఆపరేషనుకు.

ఆయన గది మేడ మీద. నడవడం కష్టమైన మనిషిని మేడ మీద ఎందుకు పెట్టారని అడిగితే గాలి బాగా వస్తుందన్నారు. కింద ముందు గదిలో చుట్టాలు కూర్చుంటారు. పై గదిలో అరుపులు కింద గదిలోకి వినబడవు. ఏ కారణం నమ్మాలో మీరే చెప్పండి.

పొద్దున్న తొమ్మిది కాగానే ఆయన బడికి వెళ్ళాలంటాడు. అప్ప ఆయన్ని మెల్లగా దింపి వరండాలో కుర్చీలో కూర్చోబెట్టేది. అదే బడి. ఆయన హాజరు పిలిచేవాడు, ఎప్పటి పిల్లల పేర్లో. బడి మొహం చూడని మా అప్ప ప్రతి పేరుకూ ఒక్కో గొంతుతో "పెజెంట్ సార్" అనేది. ఇంటికొచ్చి నాకు ఆ గొంతులన్నీ చేసి చూపించేది. ముక్కుతో పలికే వాడొకడు, ఏడుపు గొంతు వాడొకడు. ఇద్దరం నవ్వలేక చచ్చేవాళ్ళం. "ఏటనుకున్నావే, ముప్పైమంది పిల్లలం ఒక్కర్తినే" అనేది.

ఒకరోజు ఆయన "అబద్ధం చెప్తున్నావు. చెయ్యి చాపు" అన్నాడట. ఇదీ ఆటే అనుకుని అప్ప చెయ్యి చాపింది. ఊతకర్రతో కొట్టాడు. రెండు వేళ్ళు వాచాయి. ఆ తరవాత ఏ రోజు ఏ పేరు దగ్గర కోపం వస్తుందో తెలిసేది కాదు. కోడలికి చెప్తే "చిన్నపిల్లాడిలాంటివారు, మనమే సర్దుకోవాలి" అందట. కొడుకు బ్యాంకుకు వెళ్ళే తొందరలో ఉంటాడు. "చూద్దాం" అనేవాడు.

అప్ప నాకు కూడా రెండు నెలలు చెప్పలేదు. ఆదివారాలు నా దగ్గర బొట్టుబిళ్ళల అట్ట అడిగి ఒకటో రెండో తీసుకునేది. "నీకెందుకప్పా ఇప్పుడు బొట్టు, ఎవరినైనా చూసుకున్నావా ఏంటి?" అని ఏడిపించాను. "సూసుకున్నాను. హెడ్మాస్టరు" అంది. చివరికి ఒకరోజు తన డ్యూటీ పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. రాయడం రాని మనిషి కదా, రోజూ సంతకం చోట వేలిముద్ర. కొన్ని వేలిముద్రల పక్కన నా ఎర్ర బొట్టుబిళ్ళలు అంటించి ఉన్నాయి. ఆయన చెయ్యి చేసుకున్న రోజులవి. లెక్కపెట్టాను. పదకొండు.

"రాసీ" అంది. "ఆఫీసుకి కాయితం రాసీ. నా మాట నా మాటలాగే ఉండాల. నీ సొంత తెలివి కలపకు."

ఇక్కడ నా తప్పు నేను చెప్పుకోవాలి. నేను బడిలో చదివింది ఒడియా. తెలుగు అక్షరాలు నా అంతట నేను నేర్చుకున్నాను, పనిచేసిన ఇళ్ళల్లో పాత వారపత్రికలు, మందుల సీసాల మీద కాగితాలు, ఈ పత్రిక పాత సంచికలు చూసి. ఆ గర్వం నాకు చాలా ఉంది. అప్ప మాట అప్ప మాటలాగే ఉండాలంటే తెలుగులోనే రాయాలనుకున్నాను. ఒడియాలో రాయగలిగి ఉండి కూడా తెలుగులో రాశాను. ఒడియా కాగితాలు నడిచే ఆఫీసుకు తెలుగు కాగితం ఇచ్చాను. నా రాత చూసి మురిసిపోయాను కూడా.

అందులో అప్ప అడిగినవి మూడే. ఆయన్ని మెట్లు దింపేటప్పుడు ముందొకరు, వెనకొకరు, ఇద్దరు ఉండాలి. అది కుదరకపోతే ఆయన మంచం కిందికి దించాలి. కొట్టే జబ్బు ఉందని కాగితంలో నిజం రాయాలి. ఆయన్ని మందలించమని గానీ, తనను ఆ ఇంటి నుంచి తీసేయమని గానీ అడగలేదు. "నాను మానీస్తే ఆయనకి అన్నం ఎవలెడతారు?" అంది. నేను కోప్పడ్డాను. "నీకు పిచ్చి పట్టిందా?" అన్నాను. "పిచ్చి కాదే, పని" అంది.

మేనేజరు కాగితం తీసుకుని, చూసి, ఫైల్లో పెట్టాడు. "రెండో మనిషి తెలుగుది దొరకాలి గదా, సూద్దాం" అన్నాడు. ఇది గుర్తుపెట్టుకోండి. కాగితంలో రెండో మనిషిని అడిగామని మేము నోటితో చెప్పలేదు. చేతికిచ్చి నిలబడ్డాం, అంతే.

నాలుగు వారాలు గడిచాయి. ఎవరూ రాలేదు.

ఆ పొద్దున్న జరిగింది ఆసుపత్రిలో అప్పే నాకు చెప్పింది. మాట తేలిపోతోంది, కానీ తెలివిగానే ఉంది. "కింద మెట్టు మీద నాను, పై మెట్టు మీద ఆయన. ఎనకాల పట్టుకోడానికి మనిసి నేదు. బడికి టైమైపోనాది, అడ్డం లెగు అన్నాడు. రెండు సేతుల్తో తోసీసినాడు." ఆయన మెట్ల మీద అలాగే కూర్చుండిపోయాడట. ఒక్క గీత పడలేదు. పడిపోతూ కూడా తను మెట్ల కమ్మీ వైపు ఒరిగానని, లేకపోతే ఆయన కూడా తన మీద పడేవాడని అప్ప చెప్పింది. అది చెప్పేటప్పుడు ఆమెది పని బాగా చేసిన మనిషి గొంతు. నాకు ఒళ్ళు మండింది.

"ఆయన్ని..." అన్నాను.

"ఆయన్ని ఏటీ అనకే. ఆయనకి తెల్దు." నా చెయ్యి లాగి దగ్గరకు వంచుకుంది. "తెలిసినోలున్నారు. ఆలనడుగు."

అందుకే అడుగుతున్నాను.

కొడుకు డాక్టరుతో కాలు జారిందని చెప్పాడు. కోడలు పక్కింటివాళ్ళతో మెట్లు తుడుస్తూ పడిందని చెప్పింది. మెట్లు తుడవడం మా పని కాదు, ఆ ఇంట్లో దానికి వేరే మనిషి ఉంది. మేనేజరు బీపీ అన్నాడు. అప్పకు బీపీ ఉందని ఆమె బతికుండగా ఎవరూ అనలేదు. ఒక్కసారి పడినదానికి మూడు కారణాలు. జరిగింది ఒకటే అయితే చెప్పేదీ ఒకటే ఉండాలి కదా.

దహనానికి మేనేజరు మా ఊరిదాకా వచ్చాడు, పెద్ద దండ పట్టుకుని. అంత దూరం వచ్చాడే అని మా అమ్మ చేతులు జోడించింది. దండ వేసి, నన్ను పక్కకు పిలిచి, "ఆ డ్యూటీ పుస్తకం ఇచ్చీమ్మా, ఆఫీసుదది" అన్నాడు. ఇంకా స్నానాలకు పొయ్యి మీద పెట్టిన నీళ్ళు కూడా కాగలేదు. దొరకలేదన్నాను. అబద్ధమే. అది ఇప్పుడు భద్రంగా ఉంది, ఎక్కడుందో ఇక్కడ రాయను.

తరవాత నేను చికిటి వెళ్ళాను. పాత ఆయా పేరు, అప్ప చెప్పగా విన్నది, ఒక్కటే తెలుసు. బస్టాండు దగ్గర నుంచి అడుక్కుంటూ పోతే మధ్యాహ్నానికి ఆమె ఇల్లు దొరికింది. అప్పకు ముందు ఆ ఇంట్లో పనిచేసిన ఆయా. గుమ్మంలోనే నిలబెట్టి, నేనెవరో విన్నాక, లోపలికి రమ్మంది. మంచినీళ్ళు ఇచ్చింది. గ్లాసు పట్టుకున్న చేతి చిటికెన వేలు నిటారుగా ఉంది, వంగదు.

"నన్నూ కొట్టినాడమ్మా. ఆఫీసోలకి సెప్పినాను. కిఛి హెబొ నాహి, ఏటీ అవదు, ఓపిక పట్టు అన్నారు. ఇంక నావల్ల కాదని ఒచ్చీసినాను."

"మరి మా అప్పకు ఒక్క మాట చెప్పలేకపోయావా?"

"ఎవులొచ్చినారో నాకెలా తెలుస్తాది? కొత్త మనిసికి నంబరిచ్చినా, మాటాడినా, ఇంకే ఇల్లూ ఇయ్యమన్నారు." ఖాళీ గ్లాసు నా చేతిలోంచి తీసుకుంది. "మీ అప్ప సెవి సీలి ఉంటాది, అవునా? ఒక్కసారి ఆఫీసులో సూసినాను. నాను ఎల్తన్నాను, ఆమె వత్తన్నాది. మాటాడితే బాగున్ను."

ఆమె మీద కోపం తెచ్చుకుందామని వెళ్ళాను. తెచ్చుకోలేకపోయాను.

తిరిగొచ్చి ఆఫీసుకు వెళ్ళి, మా కాగితం ఏమైందని అడిగాను. మేనేజరు ఫైలు తెరిచి ఎంతో నిదానంగా వెతికాడు. "ఏ కాయితం? ఓ, ఆ తెలుగుదా? అది సెలవు చీటీ అనుకున్నామమ్మా. మా చదువంతా ఒడియా మీడియం. తెలుగు మాటాడతాను గానీ చదవడం రాదు గదా. నీకు చెప్పే ఉంటాను." చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. ఈ ఊళ్ళో నమ్మదగిన మాటే అది. మనవాళ్ళలో సగంమందికి తెలుగు చదవడం రాదు. నేను కూడా ఒక్క క్షణం నమ్మాను. నా తెలుగు రాత వల్లే అప్ప చచ్చిపోయిందని ఆ క్షణం అనుకున్నాను. ఆ క్షణం ఎలా ఉంటుందో రాయను.

తరవాత ఆ "సూద్దాం" గుర్తొచ్చింది. రెండో మనిషి సంగతి చదవకుండా ఎలా తెలిసింది?

మర్నాడు మళ్ళీ వెళ్ళాను. ఒక చీటీ మీద తెలుగులో ఒక్క వాక్యం రాసి, మడత పెట్టి, "ఎవరో మీకిమ్మన్నారు" అని టేబుల్ మీద పెట్టి నిలబడ్డాను. విప్పి చూశాడు. మరుక్షణం రెండు కాళ్ళూ కుర్చీ మీదికి లాక్కుని, "ఏదీ? ఎక్కడ?" అని అరిచాడు.

నేను రాసింది: మీ కుర్చీ కింద తేలు ఉంది.

గదిలో ఎవరికీ అర్థం కాలేదు. ఆయనకూ నాకూ అర్థమైంది. కాళ్ళు కిందికి దించడానికి చాలాసేపు పట్టింది. అప్ప ఉంటే ఎంత నవ్వేదో. ఇంటికొచ్చి ఆ కాళ్ళు ముడుచుకోవడం ఆమెకు చేసి చూపించాలని గది తలుపు తీసేదాకా అనుకుంటూనే ఉన్నాను.

ఇంతకీ ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, ఆ తేలు సంగతి జరిగిన మూడో రోజున ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి ఆ ఇంటికి నేను వెళ్ళాలట. అదే ఇల్లు, అదే మేడ, అవే మెట్లు. తెలుగు మనిషే కావాలట. ఒక్కదాన్నే. వెళ్ళకపోతే నా పేరు జాబితాలో ఉండదట, మా అమ్మ మందులు నా పని మీదే నడుస్తున్నాయని వాళ్ళకు బాగా తెలుసు. కొత్త కాగితం కూడా వాట్సాప్‌లో పంపారు. మతిమరుపు, శాంత స్వభావం. ఒక్క అక్షరం మారలేదు.

నేను వెళ్ళననడం లేదు. ఆయన తినాలి, ఆయన్ని కడగాలి, ఎవరో ఒకరు హాజరు పలకాలి. అప్ప నాకు నేర్పింది ఆ పనే. మిగిలిన తెలుగు ఆయాలతో మాట్లాడాను. నాతో రెండో మనిషిగా రావడానికి ఒకామె ఒప్పుకుంది. దొరకదన్న తెలుగు మనిషి నాకు ఒక పూటలో దొరికింది. ఇద్దరినీ పంపితే వెళ్తాం. ఒక్కదాన్నే పొమ్మంటే నేను వెళ్ళను, మాలో ఇంకెవరూ వెళ్ళరు.

మొన్న అప్ప సంచీ తెచ్చుకుందామని ఆ ఇంటికి వెళ్ళాను. కోడలు గేటు దాకా తెచ్చి ఇచ్చింది. సంచీ ఉతికి, ఆరేసి, మడత పెట్టి ఉంది. చనిపోయిన పనిమనిషి సంచీని ఎవరు ఉతుకుతారు? అందులో ఏముందని ఉతికారు? అడిగాను. "మురికిగా ఉంటే..." అంది, నా వైపు చూడకుండా.

వరండాలో కొడుకు తండ్రికి ఉప్మా తినిపిస్తున్నాడు. బ్యాంకుకు సెలవు పెట్టాడట. ఉక్కపోతకు నా జాకెట్టు వీపుకు అతుక్కుపోయింది, కొడుకేమో పొడుగు చేతుల చొక్కా వేసుకుని మణికట్టు దాకా గుండీలు పెట్టుకున్నాడు. ఎడం చేత్తో తండ్రి చెయ్యి గట్టిగా పట్టుకుని, కుడి చేత్తో చెంచా పెడుతున్నాడు. మూతి తుడవబోతే చొక్కా పైకి జరిగింది. ముంజేయి మీద గోళ్ళ గీతలు, వాటి పైన నల్లగా కమిలిన మచ్చ. నేను చూశానని గమనించాడు. చొక్కా కిందికి లాక్కున్నాడు.

"నువ్వెప్పుడొస్తావమ్మా? నాన్నకి తెలుగు మనిషి ఉంటే గానీ..."

"మీరూ తెలుగేగా బాబూ" అన్నాను.

కొడుకు ఇంకో చెంచా ఉప్మా తీసి తండ్రి నోటి దగ్గర పెట్టాడు. ఆ ఇంట్లో ఆ దెబ్బ గురించి ఆయన ఎవరికి చెప్పుకుంటాడో నాకు తెలియదు. మా అప్పకైతే చెప్పుకోగలిగేవాడు. విని ఉండేది.

వాళ్ళు నాకిచ్చిన గడువే నేను వాళ్ళకు ఇస్తున్నాను. ఒకటో తారీఖుకు ముందురోజు సాయంత్రం అయిదు గంటలు. ఆలోగా ఆఫీసు నుంచి మా పాత కాగితం ముద్ర వేసి నా చేతికి రావాలి, ఆయన కొడతాడని రాసిన కొత్త కాగితం రావాలి, ఇద్దరి పేర్లతో డ్యూటీ రావాలి. ఆ ఇంటి నుంచి మా అప్ప ఎలా పడిందో రాసి, సంతకం పెట్టిన ఒక్క కారణం రావాలి. మూడు కాదు, ఒక్కటి. ఫోన్ చేయొద్దు, మనిషిని పంపొద్దు, దండలు తేవొద్దు. రాతలో కావాలి. ఇదే సంగతి ఒడియాలో రాసి ఆఫీసుకూ ఆ ఇంటికీ ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకున్నాను.

రాకపోతే ఒకటో తారీఖు పొద్దున్న తొమ్మిదింటికి ఆ గేటు మాలో ఎవరూ తీయరు. ఆ వరండాలో కొడుకే ఉంటాడు, చెమటలో, గుండీలు పెట్టుకుని, ఒక చేతిలో చెంచా, ఒక చేతిలో తండ్రి మణికట్టు. జవాబు రాయడానికి ఏ చెయ్యి ఖాళీ చేసుకుంటాడో ఆయన ఇష్టం. కానీ ముందురోజు సాయంత్రం అయిదు లోపల.